రాతలో జారిపోతున్న ‘అట’



పేరెంట్స్ మీటింగ్‌లో మాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్నలు రెండు. "మా బాబు ఇంగ్లిష్‌లో గడగడా ఎప్పుడు మాట్లాడతాడు మేడం?" అనేది మొదటిది. "రాతపరీక్షలో మార్కులు ఎందుకు తగ్గాయి?" అనేది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. పత్తి అమ్మిన డబ్బో, మిర్చి అమ్మిన డబ్బో, నెల జీతంలో మిగిల్చిన డబ్బో తెచ్చి ఫీజు కడుతున్నారు. అడిగే హక్కు మీకుంది. అయితే ఈ రెండింటితో పాటు మూడో ప్రశ్న ఒకటి కూడా అడగండని చెప్పడానికే ఈ నెల ఇది రాస్తున్నాను. "ఇంకొకరు చెప్పిన మాటను మా పాప ఇంగ్లిష్‌లో సరిగ్గా రాయగలుగుతోందా?"

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కానీ మీ అమ్మాయి నోటుబుక్కు ఒకసారి తిరగేసి చూడండి. పై తరగతులకు వెళ్ళేకొద్దీ పిల్లలు రాసేదాంట్లో చాలా భాగం ఇంకొకరి మాటే. పాఠంలో పాత్ర ఏమంది, కవి ఏం చెప్పదలిచాడు, ప్రయోగం ఏం చూపించింది, చరిత్రకారులు ఏమనుకుంటున్నారు... అన్నీ అవే. చదువయ్యాక కూడా అంతే. బ్యాంకుకు రాసే ఉత్తరం, ఆఫీసులో పంపే మెయిల్, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చే ఫిర్యాదు, ఆసుపత్రిలో రాసే కేసు షీటు, అన్నింట్లోనూ ఎవరు ఏమన్నారో రాయాల్సిందే. అక్కడ ఒక్క క్రియ తప్పు పడితే అర్థమే మారిపోతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాట్లాడే ఇంగ్లిష్ మీద మనం పెడుతున్న శ్రద్ధలో కొంత ఈ పని మీదకు మళ్ళించాలి. అందుకు మీరు ఇంట్లో తెలుగు మానేయనక్కర్లేదు. సరిగ్గా చెప్పాలంటే, మానేయకూడదు.

ఒక ‘అని’ చేసే పనులు

తెలుగులో ‘అని’ ఎంత గొప్ప మాటో మనం గమనించం. ‘అను’ అనే క్రియ నుంచి పుట్టింది. అంటే ‘చెప్పి’ అనే అర్థం అందులోనే ఉంది. కన్నడంలో ‘ఎందు’, తమిళంలో ‘ఎన్ఱు’ కూడా ఇలాంటివే. ఈ ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయిస్తామో చూడండి.

"రేపు వస్తానని చెప్పాడు." "వాన పడుతుందని భయపడ్డాం." "వస్తావా అని అడిగాడు." "అమ్మ రమ్మని చెప్పింది." "చదువుకుందామని వచ్చాను." "వాన పడుతోందని ఆగిపోయాం." "రవి అని మా క్లాసులో ఒకడున్నాడు."

ఏడు వాక్యాలు, ఏడింట్లోనూ ‘అని’ ఉంది. ఇప్పుడు వీటిని ఇంగ్లిష్‌లోకి తీసుకువెళ్ళండి. మొదటి రెండింటికి మాత్రమే ‘దట్’ సరిపోతుంది. ‘హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్’, ‘వీ ఫియర్డ్ దట్ ఇట్ వుడ్ రెయిన్’. మూడోది ప్రశ్న కాబట్టి ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ రావాలి. నాలుగోది ఆజ్ఞ కాబట్టి ‘టోల్డ్ మీ టు కమ్’. ఐదోది ఉద్దేశం, ‘కేమ్ టు స్టడీ’. ఆరోది కారణం, ‘బికాజ్’ కావాలి. ఏడోది పేరు, ‘ఎ బాయ్ కాల్డ్ రవి’ అనాలి.

మన పిల్లలు ఏం చేస్తారంటే, ‘అని’ కనిపించిన ప్రతిచోటా ‘దట్’ పెట్టేస్తారు. ‘హీ ఆస్క్‌డ్ దట్ విల్ యూ కమ్’, ‘మదర్ టోల్డ్ దట్ కమ్’ అని రాస్తారు. దీన్ని బద్ధకం అనుకోకండి. తెలివితక్కువతనం అంతకన్నా కాదు. బుర్రలో చక్కగా ఉన్న తెలుగు వాక్యాన్ని పొందిగ్గా ఇంగ్లిష్‌లోకి మార్చబోయి ఒక మలుపు దగ్గర ఆగిపోయారంతే. ఆ మలుపు ఎక్కడుందో చూపిస్తే పది రోజుల్లో దాటేస్తారు. చూపించకుండా ఎర్ర సిరాతో కొట్టేస్తే పదేళ్ళైనా అక్కడే ఉంటారు.

క్రియకు క్రియకు మధ్య తేడా

తెలుగులో ‘చెప్పాడు’ అంటే చాలు. నాకు చెప్పాడు, అందరికీ చెప్పాడు, ఊరికే చెప్పాడు, ఎలాగైనా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒక్కో క్రియకు ఒక్కో అలవాటు ఉంది.

‘టెల్’ పక్కన వినే మనిషి ఉండాలి. ‘హీ టోల్డ్ మీ దట్...’ అనాలి. ‘సే’కి ఆ అవసరం లేదు. మనిషిని చెప్పాలనుకుంటే మధ్యలో ‘టు’ పెట్టాలి. ‘ఇన్‌ఫార్మ్’, ‘రిమైండ్’, ‘అష్యూర్’, ‘కన్విన్స్’ అనేవి ‘టెల్’ దారిలో నడుస్తాయి, వాటి పక్కన మనిషి ఉండాలి. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘మెన్షన్’, ‘సజెస్ట్’, ‘అడ్మిట్’ అనేవి ‘సే’ దారిలో నడుస్తాయి. అందుకే ‘డాక్టర్ సజెస్టెడ్ మీ దట్’ తప్పు, ‘డాక్టర్ సజెస్టెడ్ దట్ ఐ షుడ్ టేక్ రెస్ట్’ ఒప్పు. ఇక ‘స్పీక్’, ‘టాక్’, ‘డిస్కస్’ అనేవి ‘దట్’ను అసలు దగ్గరకు రానీయవు. ‘మాట్లాడాడని’ అని మనం అన్నా, అవతలివాడి మాటలను ‘మాట్లాడాడు’తో ముగించం కదా. ఇదీ అలాంటిదే.

ఒక తెలుగు మాటకు రెండు ఇంగ్లిష్ క్రియలు ఉన్నచోట ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ‘ఒప్పుకున్నాడు’ తీసుకోండి. "పెళ్ళికి రావడానికి ఒప్పుకున్నాడు" అంటే ‘అగ్రీడ్ టు కమ్’. "అద్దం తానే పగలగొట్టానని ఒప్పుకున్నాడు" అంటే ‘అడ్మిటెడ్ దట్’. ‘ఖండించారు’ కూడా అంతే. "దాడిని ఖండించారు" అంటే ‘కండెమ్‌న్డ్’. "ఆరోపణలను ఖండించారు" అంటే ‘డినైడ్’. ఈ రెండూ తారుమారైతే, తప్పు చేయలేదని చెప్పిన మనిషి ఇంకెవరినో తిట్టినట్టు అవుతుంది.

‘డినై’లో ఇంకో గొయ్యి ఉంది. ‘కాదు’ అనే అర్థం ఆ క్రియ లోపలే ఉంది. "నేను పెన్ను తీయలేదని చెప్పాడు" అనే మాటను పిల్లవాడు ‘హీ డినైడ్ దట్ హీ డిడ్ నాట్ టేక్ ది పెన్’ అని రాస్తే అర్థం తిరగబడుతుంది. తీయలేదన్న పిల్లవాడు తీసినట్టు తేలుతుంది. క్లాసులో పెన్ను కాబట్టి నవ్వుకుంటాం. రేపు అదే వాక్యం ఒక కంప్లైంట్ కాగితంలోనో, ఆఫీసు ఎంక్వైరీ రిపోర్టులోనో పడితే నవ్వేవాళ్ళు ఉండరు.

తీర్పు ముందా, మాట ముందా?

రెండు భాషల మధ్య ఇంకో పెద్ద తేడా వరుసలో ఉంది. తెలుగులో ముందు మాట వస్తుంది, తర్వాత ‘అని’, చివరికి క్రియ. "ఈ మందు కొడితే తామర పురుగు పోతుందని కొట్టు ఆయన..." ఇక్కడిదాకా వచ్చాక కూడా మనకు ఆలోచించుకునే టైమ్ ఉంది. చెప్పాడు అనొచ్చు, అంటున్నాడు అనొచ్చు, నమ్మబలికాడు అనొచ్చు, హామీ ఇచ్చాడు అనొచ్చు. ఇంగ్లిష్‌లో క్రియ ముందే రావాలి. ‘ది షాప్‌కీపర్...’ అన్న వెంటనే ‘సెడ్’ రాయాలా, ‘క్లెయిమ్‌డ్’ రాయాలా, ‘ప్రామిస్‌డ్’ రాయాలా అన్నది తేల్చుకోవాలి. విషయం చెప్పకముందే దాన్ని ఎంత నమ్ముతున్నామో చెప్పేయాలన్నమాట.

మిర్చి వేసే ఇంట్లో ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప తోటలను దెబ్బతీసినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పారు. కొట్టు ఆయన అన్నమాట వేరు, వ్యవసాయ అధికారి సిఫార్సు వేరు, పక్క చేలో కళ్ళారా చూసింది వేరు. ఈ మూడూ ఒకటి కాదని రైతుకు తెలుసు. ఆ తెలివి పిల్లవాడి ఇంగ్లిష్ పేరాగ్రాఫ్‌లోకి ఎందుకు రాకూడదు?

‘సెడ్’ అంటే అన్నాడు, అంతే. నేను నమ్మానో లేదో చెప్పను. ‘క్లెయిమ్‌డ్’ అంటే అతను అంటున్నాడు, నాది పూచీ కాదు. ‘అడ్మిటెడ్’ అంటే తనకు ఇబ్బంది కలిగించే విషయమైనా నిజం ఒప్పుకున్నాడు. ‘పాయింటెడ్ అవుట్’ అంటే అది నిజమేనని నేను కూడా అంటున్నాను. ‘అలెజ్‌డ్’ అంటే ఇంకా రుజువు కాని ఆరోపణ. ‘ప్రూవ్‌డ్’ అంటే ఇక వాదన లేదు. వీటన్నింటి బదులు పేజీ నిండా ‘సెడ్’, ‘టోల్డ్’ అని రాస్తూ పోయే పిల్లవాడికి వ్యాకరణం వచ్చినా రాయడం రాలేదనే అంటాను. పెద్ద మాటలు వాడాలనే సరదాతో ‘సెడ్’ రాయాల్సిన చోట ‘క్లెయిమ్‌డ్’ రాసే పిల్లవాడికి కూడా రాలేదు. వాడు తనకు తెలియకుండానే అవతలి మనిషిని అబద్ధాలకోరును చేసేస్తున్నాడు.

‘ట’ పోయింది, పుకారు నిజమైంది

ఇక శీర్షికలో పెట్టిన మాటకు వస్తాను. తెలుగులో మనం ఒక్క అక్షరంతో ఎంతో నిజాయతీ చూపిస్తాం. "యార్డులో రేటు తగ్గింది" అంటే నాకు తెలుసు. "యార్డులో రేటు తగ్గిందట" అంటే విన్నాను, చూడలేదు. "రేపు సెలవు" అంటే ఖాయం. "రేపు సెలవట" అంటే బ్యాగు సర్దుకుని ఉండటం మంచిది. ఆ చివరి ‘ట’ మనల్ని ఎన్ని తగాదాల నుంచి కాపాడిందో లెక్క లేదు.

ఇంగ్లిష్‌లో క్రియ చివర తగిలించుకునే ఇలాంటి అక్షరం లేదు. ఆ పని కోసం వేరే మాటలు తెచ్చుకోవాలి. ‘దే సే దట్’, ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’, ‘ఐ హియర్డ్ దట్’, ‘రిపోర్టెడ్లీ’. పిల్లవాడికి అవి నేర్పకపోతే ఏమవుతుంది? తెలుగులో "ఫలానా ఊళ్ళో నీళ్ళు తాగి జ్వరాలొచ్చాయట" అని జాగ్రత్తగా చెప్పిన పిల్లవాడే ఇంగ్లిష్‌లో ‘పీపుల్ గాట్ ఫీవర్ ఫ్రమ్ ది వాటర్’ అని రాసేస్తాడు. ‘ట’ రాలిపోయింది. విన్నమాట కాస్తా నిజమై కూర్చుంది. వాక్యంలో వ్యాకరణం తప్పు ఒక్కటీ లేదు కాబట్టి టీచరు కూడా టిక్కు పెట్టే ప్రమాదం ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ‘టోల్డ్ దట్’ అన్న తప్పు కంటికి కనిపిస్తుంది, దిద్దొచ్చు. రాలిపోయిన ‘ట’ కనిపించదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫార్వర్డూ, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి పేరా ప్రాజెక్ట్ వర్క్‌లోకి నేరుగా దిగిపోతున్న కాలం ఇది. ఎవరు చెప్పారో రాయకుండా రాయడం అలవాటైన పిల్లవాడు, ఎవరు చెప్పారో అడగకుండా నమ్మడం కూడా అలవాటు చేసుకుంటాడు.

రాయి చెప్పింది, రాయి చూపించింది

మన అద్దంకిలో పిల్లలకు దీన్ని నేర్పడానికి ఊరి పేరుతోనే ఒక పాఠం ఉంది. అద్దంకి శాసనం తెలుగులో తొలి పద్య శాసనంగా పేరు పొందింది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడి గురించి తరువోజ ఛందస్సులో చెక్కించారు. కాలం క్రీ.శ. 848 ప్రాంతం. ఇప్పుడు దీని గురించి ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు రాయమంటే ఏ క్రియలు వాడాలి?

పండరంగడు పన్నెండు బోయకొట్టాలను జయించాడనేది మొదటి విషయం. ఇది శాసనం చెప్పిన మాట. చెక్కించింది గెలిచిన పక్షం. కాబట్టి ‘ది ఇన్‌స్క్రిప్షన్ స్టేట్స్ దట్...’ అనాలి. శాసనం క్రీ.శ. 848 ప్రాంతానిదనేది రెండో విషయం. ఇది పండితులు ఆధారాలు చూసి కట్టిన లెక్క. ‘స్కాలర్స్ బిలీవ్ దట్...’ అంటే సరిపోతుంది. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే తెలుగులో పద్యం ఉందనేది మూడో విషయం. దీనికి ఆ రాయే సాక్ష్యం, పద్యం దాని మీదే ఉంది. ఇక్కడ ధైర్యంగా ‘ది ఇన్‌స్క్రిప్షన్ షోస్ దట్...’ అని రాయొచ్చు.

ఒకే రాయి. ఒకచోట ‘స్టేట్స్’, ఒకచోట ‘బిలీవ్’, ఒకచోట ‘షోస్’. మూడు చోట్లా ‘సేస్’ అని రాసినా పాస్ మార్కులు వస్తాయి. కానీ ఆ మూడు క్రియలు ఎందుకు మారాయో చెప్పగలిగిన పిల్లవాడికి చరిత్ర అంటే ఏమిటో కూడా సగం అర్థమైనట్టే.

ఎవరి మాట ఎవరిదో గుర్తుపెట్టుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రాప్రగడ, నన్నయ భారతంలో మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేశాడు. చేసి, తన రాజుకు కాకుండా నన్నయ చేత భారతం రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మొదలుపెట్టింది ఎవరో, రాయించింది ఎవరో మరుగున పడనివ్వలేదు. అంతకన్నా పెద్ద పాఠం మన పిల్లలకు ఏ గ్రామర్ పుస్తకం చెప్తుంది?

రెండో ‘దట్’ ఎందుకు?

మరో చిన్న సంగతి చెప్పాలి. మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్‌వాళ్ళు ‘దట్’ను చాలాసార్లు మింగేస్తారు. ‘ఐ థింక్ హీ ఈజ్ రైట్’ అంటారు. అది తప్పు కాదు. పిల్లలు సినిమాల్లో విని "దట్ అక్కర్లేదు కదా మేడం" అంటారు. మాట్లాడేటప్పుడు అక్కర్లేదు. రాసేటప్పుడు, ముఖ్యంగా ఒకే మనిషి రెండు విషయాలు చెప్పినప్పుడు, కావాలి.

"పత్తి దెబ్బతిన్నదని, బీమా డబ్బులు ఇంకా రాలేదని రైతు చెప్పాడు." చూడండి, తెలుగులో మనం ‘అని’ రెండుసార్లు వాడాం. రెండు మాటలూ రైతువేనని స్పష్టంగా ఉంది. ఇంగ్లిష్‌లో ‘ది ఫార్మర్ సెడ్ దట్ ది కాటన్ వాజ్ డ్యామేజ్‌డ్ అండ్ దట్ ది ఇన్సూరెన్స్ మనీ హ్యాడ్ నాట్ కమ్’ అని రెండో ‘దట్’ కూడా రాస్తే అలాగే ఉంటుంది. రెండో ‘దట్’ తీసేస్తే, బీమా రాలేదన్న మాట రైతు అన్నాడా, రాసినవాడే తేల్చేశాడా అన్న అనుమానం వస్తుంది. ఈ జాగ్రత్త మన పిల్లలకు తెలుగులో పుట్టుకతో వచ్చింది. "మీరు తెలుగులో ‘అని’ రెండుసార్లు అంటారు కదా, ఇక్కడా అంతే" అని చెబితే వెంటనే పట్టుకుంటారు. తెలుగు అడ్డం వస్తుందని భయపడేవాళ్ళకు ఇదే నా జవాబు. తెలుగు కొన్నిచోట్ల మలుపు, కొన్నిచోట్ల మెట్టు. రెండూ తెలిసిన టీచరు కావాలి, అంతే.

మీరు అడగబోయేవి

"ఇదంతా ఎందుకు మేడం, ‘హీ టోల్డ్ దట్’ అన్నా అందరికీ అర్థమవుతుంది కదా" అని మీరు అనొచ్చు. నిజమే, అర్థమవుతుంది. మన దేశంలో చాలామంది అలాగే మాట్లాడతారు. మాట్లాడేటప్పుడు నేను ఆ తప్పు దగ్గర పిల్లలను ఆపను. ఆపితే నోరు మూసుకుపోతుంది. రాతలో మాత్రం ఆపుతాను. ఎందుకంటే మాట్లాడేటప్పుడు ముఖం ఉంటుంది, గొంతు ఉంటుంది, అర్థం కాకపోతే మళ్ళీ అడగొచ్చు. కాగితానికి అవేవీ లేవు.

"ఇప్పుడు ఫోనే అన్నీ దిద్దేస్తోంది కదా" అని ఇంకొందరు అంటారు. ఫోను ‘టోల్డ్ దట్’ను ‘సెడ్ దట్’గా దిద్దుతుంది, ఒప్పుకుంటాను. కానీ మీ నాన్నగారు చెప్పింది విన్నమాటా, చూసిన మాటా అన్నది ఫోనుకు తెలియదు. ‘సెడ్’ ఉండాలా ‘క్లెయిమ్‌డ్’ ఉండాలా అన్నది రాసే మనిషే తేల్చాలి.

"స్కూల్లో డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ నేర్పుతున్నారుగా" అన్నది మూడో మాట. నేర్పుతున్నాం. కానీ మన పాఠశాలల్లో అది ఎక్కువగా లెక్కల సూత్రంలా నడుస్తోంది. కొటేషన్ మార్కులు తీసెయ్, ‘దట్’ పెట్టు, ‘విల్’ను ‘వుడ్’ చెయ్, ‘టుమారో’ను ‘ది నెక్స్ట్ డే’ చెయ్. ఇచ్చిన వాక్యాన్ని మార్చడం వచ్చిన పిల్లవాడు, తాత చెప్పిన మాటను తనంతట తాను రాయమంటే తడబడతాడు. నా ఉద్దేశంలో, మార్చే వాక్యాలు పది తగ్గించి, విన్న మాటను సొంతంగా రాసే పేరా వారానికి ఒకటి పెంచాలి. దిద్దడానికి మాకు టైమ్ పడుతుంది. నోటుబుక్కులో ఎర్ర గీతలు పెరుగుతాయి. అప్పుడు మీరు "ఇన్ని తప్పులా!" అని కంగారు పడకుండా మాకు తోడుండాలి. గైడు చూసి ఎక్కించిన నోటుబుక్కు శుభ్రంగా ఉంటుంది. సొంతంగా రాసిన నోటుబుక్కు గీతలతో ఉంటుంది. మీరు కట్టే ఫీజుకు ప్రతిఫలం ఆ రెండో దాంట్లోనే ఉంది.

ఇంట్లో చేయగలిగింది

ఇంగ్లిష్ రాకపోయినా మీరు చేయగలిగిన పనులు మూడున్నాయి.

మొదటిది, రాత్రి భోజనాల దగ్గర. పిల్లవాడు ఏదైనా కబురు తెచ్చినప్పుడు తెలుగులోనే అడగండి: "ఎవరు చెప్పారు? వాళ్ళు చూశారా, విన్నారా?" కోప్పడుతున్నట్టు కాకుండా మామూలుగా అడగండి. "మిస్ తిట్టారట" అన్నప్పుడు కూడా ఇదే అడగండి. మా తరఫున కూడా కొంచెం మేలు చేసినట్టు అవుతుంది.

రెండోది, తెలుగు పేపరు. మన పత్రికలు ఈ విద్యలో ఆరితేరాయి. ఒక వార్త తీసుకుని వాక్యాల చివర క్రియలు మాత్రమే చూడమనండి. అన్నారు, తెలిపారు, పేర్కొన్నారు, ఆరోపించారు, అంగీకరించారు, హెచ్చరించారు, స్పష్టం చేశారు, ధీమా వ్యక్తం చేశారు. ‘తెలిపారు’ ఉన్నచోట ‘ఆరోపించారు’ పెడితే వార్త ఎలా మారుతుందో అడగండి. ఐదు నిమిషాల పని. నానమ్మ, తాతయ్య కూడా చేయించగలరు. ఆ తేడా తెలుగులో పట్టుకున్న పిల్లవాడికి ఇంగ్లిష్ క్రియలు ఇవ్వడం మా పని.

మూడోది, హిందీ పుస్తకం. ‘ఉస్‌నే కహా కి...’ అన్న వాక్యంలో క్రియ ముందు, ‘కి’ తర్వాత, మాట చివర వస్తాయి. ఇంగ్లిష్ వరుస కూడా అదే. మీ పిల్లలు హిందీ క్లాసులో ఈ వరుస ఇప్పటికే నేర్చుకున్నారు. ఆ మాట గుర్తుచేస్తే సగం భయం పోతుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డుతో పాటు మీ పిల్లవాడు సొంతంగా రాసిన ఒక పేరా చూపించమని మమ్మల్ని అడగండి. అందులో ఎవరి మాట ఎవరిదో తెలుస్తోందా లేదా, పిల్లవాడినే పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పించుకోండి. చెప్పగలిగాడంటే ఇంగ్లిష్ దారిలో ఉన్నట్టే. గడగడా మాట్లాడటం ఆ తర్వాత దానంతట అదే వస్తుంది.